గొయ్యి తవ్వకముందే రేటు మాట్లాడుకో, బుజ్జీ

బుజ్జీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. వనస్థలిపురంలో మీరు కొన్న పాత ఇంటి పెరడు బాగు చేయిస్తున్నారట. పాత బాత్రూమ్ కొట్టేసి, బండలు పరిపించి, సంపు, ఇంకుడు గుంత తవ్విస్తారట. మే నెలలోనే పని మొదలట. ఎంత సంతోషమేసిందో! మా బుజ్జి సొంతింటికి మేస్త్రీని మాట్లాడుకుంటోందని పక్కింటావిడకు కూడా చెప్పుకున్నాను. కానీ సంపు అనగానే గుండె ఝల్లుమంది. రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే సగం విని "సరే పెద్దమ్మా" అనేస్తావు, అందుకని రాస్తున్నాను. అల్లుడి చేత కూడా చదివించు.

చిన్న చిన్నవి ముందు చెప్పేస్తాను. ఇద్దరు ముగ్గురు మేస్త్రీలను అడుగు, వాళ్లు ఇంతకుముందు చేసిన పని వెళ్లి చూడు. బండల వాటం ఇంటి వైపు కాకుండా బయటికి ఉండాలి. ఆఖరి డబ్బు ఇచ్చే ముందు బకెట్‌తో నీళ్లు పోసి ఎటు పోతున్నాయో చూసుకో. సిమెంట్ మరకలు పోవాలని యాసిడ్‌తో కడుగుతామంటారు, ఒప్పుకోకు. తాండూరు బండ సున్నపురాయి జాతి, యాసిడ్ పడితే నునుపంతా పోతుంది. కొట్టిన ఇటుకలూ పెళ్లలూ రోడ్డు పక్కన పారబోయనివ్వద్దు. జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో వాటిని పొడి చేసి మళ్లీ వాడే కేంద్రాలున్నాయి. మట్టి ఎత్తిపోత ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకో. చాలామంది మర్చిపోయేది అదే.

మేస్త్రీ చెప్పిన మొత్తానికి ఐదో వంతు విడిగా పెట్టుకో. ఊయల బాగుందనో, కుండీలు బాగున్నాయనో దాన్ని ముట్టుకోవద్దు. పాత ఇల్లు కదా, నేల కింద ఏముందో అమ్మినవాళ్లకే తెలిసి ఉండదు. పాత సెప్టిక్ ట్యాంకు బయటపడితే మాత్రం మనిషిని లోపలికి దించొద్దు బుజ్జీ. వాడు దిగుతానన్నా సరే, వద్దు. ఆ గాలి పీల్చి ప్రాణాలు పోయినవాళ్లు ఎందరో. మిషన్ తెప్పించు.

ఇక నా సంగతి. ఇప్పటిదాకా ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

2000లో మల్కాజిగిరి ఇంటి పెరట్లో మేమూ ఇలాగే పని పెట్టాం. మీ పెదనాన్నకు అప్పుడు వరంగల్‌లో డ్యూటీ, ఆదివారం మాత్రమే వచ్చేవారు. మేస్త్రీతో గుత్త నేనే మాట్లాడాను. ఒక నోట్‌బుక్ కాగితం మీద "సంపు, బాత్రూమ్, బండలు, మొత్తం 38,000" అని రాసుకున్నాం. అంతే, ఇంకో ముక్క లేదు. పని మొదలైందో లేదో డబ్బు అడగడం మొదలుపెట్టాడు. ఒకసారి ఊళ్లో విత్తనాలకు, ఒకసారి కూతురి ఫీజుకు. పాపం అనిపించి ఇస్తూ పోయాను. జూన్ సగానికే 30 వేలు అతని చేతిలో ఉన్నాయి, పని మాత్రం మూడో వంతు కూడా కాలేదు.

రెండడుగులు ఎర్రమట్టి వచ్చింది, తర్వాత మొరం. నాలుగడుగుల దగ్గర గడ్డపార ఖంగుమంది. కూలీ ఆగి, నా ముఖం చూశాడు. మన ఊరంతా గ్రానైట్ మీదే ఉంది కదా, ఒక ఇంట్లో పదడుగులు మట్టే వస్తుంది, పక్కింట్లో మూడడుగులకే బండ తగులుతుంది. బండ కొట్టడానికి కంప్రెసర్ పెట్టాలి, ఇంకో 9 వేలు అవుతుందన్నాడు మేస్త్రీ. "గుత్త అంటే గుత్తే, ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వను" అన్నాను. మర్నాటి నుంచి రావడం మానేశాడు.

అప్పుడైనా ఇంకొకరిని పెట్టి ఆ గొయ్యి పూడ్పించాల్సింది. పూడిస్తే నేను ఓడిపోయినట్టే అనుకున్నాను. వాడే దిగొస్తాడని పంతం పట్టి, గొయ్యి మీద రెండు రేకులు కప్పి ఊరుకున్నాను. జూలై పోయింది, ఆగస్టు వచ్చింది.

ఆగస్టు 24. బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడిన రోజు. నీ తమ్ముడి కాన్పుకని మీ అమ్మ ఆస్పత్రిలో ఉంది, నీకు మూడేళ్లు, నా దగ్గర ఉన్నావు. వంటింట్లో నుంచి వచ్చి చూస్తే నువ్వు మంచం మీద లేవు. పెరటి తలుపు తీసి ఉంది. పెరడంతా పిక్కల లోతు బురద నీళ్లు, ఎక్కడ నేలో ఎక్కడ గొయ్యో తెలియడం లేదు. ఒక రేకు పక్కకు జరిగి ఉంది. అక్కడే నీళ్ల మీద నీ ఎర్ర చెప్పు ఒకటి, వెల్లకిలా, మెల్లగా తిరుగుతోంది.

దూకేశాను. నీళ్లు మెడ దాకా వచ్చాయి. మునిగి చేతులతో నాలుగు మూలలా వెతికాను. రాయి తగిలింది, జారిపడ్డ రేకు తగిలి అరచెయ్యి చీరుకుపోయింది. పైకి లేచి ఊపిరి పీల్చుకుని మళ్లీ మునిగాను. ఎన్నిసార్లో గుర్తులేదు. చివరికి ముందు వైపు నుంచి పక్కింటావిడ అరిచింది, "పాప మా ఇంట్లో ఉందమ్మా!" అని. వీధిలో నీళ్లు చూడ్డానికి గేటు దాకా వెళితే ఆవిడే ఎత్తుకెళ్లింది. ఉప్మా తింటున్నావు. నన్ను చూసి "పెద్దమ్మా, బురద" అన్నావు.

నా అరచేతి మీద గీత ఏమిటని చిన్నప్పుడు అడిగేదానివి, కత్తిపీట అనేదాన్ని. మీ అమ్మకు ఇప్పటికీ తెలియదు. నువ్వూ చెప్పకు.

బండ తగలడం అతని తప్పు కాదు. గొయ్యి వదిలి వెళ్లడం తప్పు. తెరిచి ఉంచడం నా తప్పు. అందుకే నీకు ఇంతగా చెబుతున్నాను. గుత్త మాట్లాడే ముందే ఒక కూలీని పెట్టి సంపు అనుకున్న చోట నాలుగడుగులు గడ్డపారతో తవ్వించి చూసి, సాయంత్రానికి పూడ్పించు. బండ ఉంటే చోటు మార్చు, లేదా పైన ట్యాంకుతో సరిపెట్టుకో. కాగితం మీద మట్టికి ఇంత, మొరానికి ఇంత, బండ తగిలితే ఘనపుటడుగుకు ఇంత అని రాయించు. అనుకోని పని ఏది వచ్చినా ముందు రేటు, తర్వాతే పని. కొలతలు ఇద్దరూ ఉండగా టేపు పెట్టి తీసి, సంతకాలు పెట్టి, ఫోటో తీసుకోండి. అడ్వాన్స్ పదో వంతు మించొద్దు. ఆపైన అయిన పనికే డబ్బు. నీకు మొహమాటం ఎక్కువ, ఎవరు కళ్లనీళ్లు పెట్టుకున్నా పర్సు తీస్తావు. సాయం చేయాలనుకుంటే చెయ్యి, కానీ పని డబ్బులోంచి కాదు.

గొడవే వస్తే ముందు గొయ్యి మూయించు. తర్వాత అయినంత పని కొలిపించి లెక్క తేల్చు, రోజు కూలీల డబ్బు మాత్రం ఆపకు, వాళ్లకు ఆ గొడవతో సంబంధం లేదు. మేస్త్రీ డబ్బు తీసుకుని పని ఎగ్గొడితే వినియోగదారుల కమిషన్ ఉంది. ఇచ్చిన మొత్తం 5 లక్షల లోపైతే కేసుకు ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. 1915కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. రసీదులన్నీ ఒక కవర్లో దాచు.

తవ్వకం పని మృగశిర కార్తె లోపు అయిపోవాలి. కుదరదంటే సంక్రాంతి తర్వాత పెట్టుకో, పెరడు ఎక్కడికీ పోదు. ఎండలో చేసేవాళ్లకు కుండలో మజ్జిగ పెట్టు.

గడ్డపార వేసే రోజు ముందుగా చెప్పు, ఆటోలో వస్తాను. సంపు మీద మూత పడేదాకా నీ పాప నా దగ్గరే ఉంటుంది. దాని బట్టలు, పాల సీసా, చెప్పులు సంచిలో సర్ది ఉంచు.

నీ పెద్దమ్మ