పెద్దమ్మ గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నిన్ను పెంచి, చదువు కూడా చెప్పిన టీచర్ మీ పెద్దమ్మ గురించి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీలో ఆవిడ కనపడలేదు. అక్టోబర్ 5 ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవమనీ, 1994 నుంచి జరుపుతున్నారనీ ఉంది. నిజమే, కానీ అది క్యాలెండర్ సంగతి. ఆ తర్వాత 'త్యాగశీలి', 'ఆదర్శ ఉపాధ్యాయిని'. ఈ మాటలు ఎవరికైనా అతుకుతాయి, నన్ను బెత్తంతో బాదిన లెక్కల మాస్టారికి కూడా (ఆయన రిటైరైన రోజున సభలో ఇవే చదివారు).

నాలుగో పేజీలో ఒక్క వాక్యం రాసి గబగబా దాటేశావు. హాస్టల్ నుంచి నువ్వు రాసిన ఉత్తరాల్లో తప్పులు ఎర్ర సిరాతో దిద్ది, జవాబుతో పాటు తిప్పి పంపేదని. అక్కడ ఆగు. ఏం దిద్దేది? వత్తులా, దీర్ఘాలా? 'బాగానే ఉన్నాను' అని నువ్వు అబద్ధం రాస్తే దాని కింద కూడా గీత పడేదా? చూడగానే నీకు ఒళ్లు మండేదా? మండే ఉంటుంది. అదీ రాయి. ఆవిడకి బడీ ఇల్లూ ఒకటేనని చెప్పడానికి రెండు పేజీలు ఖర్చుపెట్టావు, ఆ సిరా చాలు.

మా అమ్మా టీచరే. పోయాక నేనూ రాశాను, 'ఏనాడూ విసుక్కోలేదు' అని. తమ్ముడు చదివి, "అన్నయ్యా, ఇది ఎవరి గురించి?" అన్నాడు. బడి నుంచి వచ్చాక అమ్మ ఓ పావుగంట ఎవరితోనూ మాట్లాడేది కాదు. రోజంతా అరిచిన గొంతు. మేం ఏమైనా అడగబోతే చెయ్యెత్తి ఆగమనేది. వేళ్ల గీతల్లో సుద్దపొడి. ఆ చెయ్యి నా వ్యాసంలో లేదు.

1957లో నోబెల్ వచ్చినప్పుడు ఫ్రెంచ్ రచయిత ఆల్బెర్ కామూ తన చిన్నప్పటి మాస్టారు లూయీ జెర్మేన్‌కి ఉత్తరం రాశాడు. కబురు తెలియగానే ముందు అమ్మ, తర్వాత మీరే గుర్తొచ్చారన్నాడు. డబ్బు తీసుకోకుండా స్కాలర్‌షిప్ పరీక్షకు చదివించి, ఇంట్లో అమ్మమ్మను ఒప్పించిన మాస్టారాయన. కామూకి ఇద్దరు, వరస కుదిరింది. నీకు ఇద్దరూ ఒక్కరే. అందుకే నీ వ్యాసంలో ఒక పేరాలో కూతురు మాట్లాడుతుంది, ఇంకో పేరాలో స్టూడెంట్. ఆ గందరగోళాన్ని సర్దకు, ఉండనీ.

ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లను కలువు. 'ఎలాంటివారు?' అని మాత్రం అడక్కు, 'చాలా మంచివారు' అనేసి ఊరుకుంటారు. క్లాసులో ఎక్కడ నిలబడేవారు, ఎవరి పేరు తప్పు పలికేవారు అని అడుగు.

ఆ ఉత్తరాల్లో ఒక్కటైనా మిగిలి ఉంటే ముందు పెట్టుకో. ఆవిడ చూసీ దిద్దకుండా వదిలేసిన తప్పేదైనా ఉందేమో వెతుకు.

ఉంటాను.