గోల్డ్ నానో ద్రావణం ఎర్రగా రాకుండా నీలంగా ఎందుకు మారుతోంది? అసలు దీనితో పనేంటి?

మీరు రెండు అడిగారు. సిట్రేట్ పద్ధతిలో చేసిన బంగారు ద్రావణం (అతి సూక్ష్మమైన బంగారు కణాలు తేలే నీళ్లు) నీలంగా తిరిగి, మర్నాటికి అడుగున నల్లటి పొడి ఎందుకు చేరుతోంది? పేపర్లు రాసుకోవడానికి తప్ప ఇది దేనికైనా పనికొస్తుందా? రెండింటికీ జవాబు దాదాపు ఒకటే.

ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నాకూ ఇదే జరిగింది, వరసగా నాలుగు రోజులు. 1 మిల్లీమోలార్ క్లోరోఆరిక్ ఆమ్లం (బంగారం ఉండే ఆమ్లం) 20 మి.లీ. మరిగించి, అందులో 1 శాతం ట్రైసోడియం సిట్రేట్ 2 మి.లీ. పోస్తే లేత పసుపు పోతుంది. కాసేపటికి ముదురు నీలం, ఊదా వచ్చి, పది నిమిషాల్లో ముదురు ఎరుపుకి తిరగాలి. 1951లో టర్కెవిచ్ బృందం వివరంగా రాసిన పద్ధతి ఇది. నాకు ఊదా దగ్గరే ఆగిపోయేది. సిట్రేట్ కొత్తది తెప్పించాను, హాట్‌ప్లేట్ మార్చాను. చివరికి మా సీనియర్ అక్క బీకరు చూసి ఒక్కటే అడిగింది: "ఆఖరున ఏ నీళ్లతో కడిగావ్?"

బోరు నీళ్లతో.

సిట్రేట్ బంగారాన్ని క్షయకరణం చేసి, అంటే ఆమ్లంలోంచి లోహ కణాలుగా మార్చి, ఊరుకోదు, కణం చుట్టూ చేరి దానికి రుణావేశం ఇస్తుంది. ఆ ఆవేశం వల్లే కణాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా ఉంటాయి. నీళ్లలో ఉప్పులుంటే, ముఖ్యంగా కాల్షియం, మెగ్నీషియం ఉంటే, ఆ నెట్టుడు తగ్గి కణాలు గుంపులు కడతాయి. విడిగా ఉంటే ఎరుపు, గుంపైతే నీలం. నమ్మకం లేకపోతే బాగా వచ్చిన ద్రావణంలో చిటికెడు ఉప్పు వేసి చూడండి.

కాబట్టి గాజు సామాను ఆక్వా రీజియాతో (గాఢ హైడ్రోక్లోరిక్, నైట్రిక్ ఆమ్లాల మిశ్రమం) కడగండి, పొగలు బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే, మీ గైడ్ పక్కనుండగా. వాడేసిన ద్రవాన్ని సీసాలో పోసి మూత బిగించొద్దు, గ్యాస్ పట్టి పగులుతుంది. తర్వాత డీఅయనైజ్డ్ (లవణాలు తీసేసిన) నీళ్లతో నాలుగైదుసార్లు తొలవండి. క్లోరోఆరిక్ ఆమ్లాన్ని స్టీలు స్పాచులాతో తీయకండి, లోహంతో చర్య జరుపుతుంది. గ్రాము ధర వేలల్లో ఉంటుంది కదా, నేను అదీ తగలేశాను.

ఇక ఉపయోగం. చాలా ప్రెగ్నెన్సీ టెస్ట్ స్ట్రిప్పుల మీద కనిపించే ఎర్ర గీత ఈ బంగారు కణాలే. కోవిడ్ ర్యాపిడ్ కిట్లలోనూ చాలావాటిలో ఇంతే. కణానికి యాంటీబాడీ అనే ప్రొటీన్ అంటిస్తారు. ప్రెగ్నెన్సీ టెస్టులో అది మూత్రంలోని గర్భధారణ హార్మోన్‌ని పట్టుకుని గీత దగ్గర ఆగుతుంది, కణాలు పోగై ఎరుపు కనిపిస్తుంది. మరి మూత్రం నిండా ఉప్పే కదా? ఆ ప్రొటీన్ పూతే కణాలను గుంపు కట్టకుండా కాపాడుతుంది. పూత సరిపోయిందో లేదో తేల్చుకోడానికి తయారీలో చేసే పరీక్షల్లో ఒకటి, మీకు పైన చెప్పిన ఉప్పు పరీక్షే.

వెండి సంగతి వేరు. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ నానో వెండి పూతతో సిరామిక్ క్యాండిల్ ఫిల్టర్ తయారుచేసింది. అక్కడ కణాలు నీళ్లలోకి కొట్టుకుపోకుండా క్యాండిల్‌ని అంటిపెట్టుకుని ఉండాలి. అన్నట్టు, ఆకు రసంతో వెండి కణాలు చేసి "బాక్టీరియా చచ్చింది" అని రాసే ప్రాజెక్టులు మన కాలేజీల్లో కోకొల్లలు. కణాలు లేకపోయినా, మిగిలిపోయిన సిల్వర్ నైట్రేటే ఆ పని చేసేయగలదు. కణాలను సెంట్రిఫ్యూజ్ చేసి (గిరగిరా తిప్పి వేరుచేసి) కడగకుండా ఘనత వాటికే ఇవ్వడం నాకు నచ్చదు.

ముందు కొత్త బీకరులో 5 మి.లీ. మాత్రమే చేసి చూడండి. మళ్లీ నీలమే వస్తే, ఆ నీళ్లెక్కడివో కూడా రాయండి.