ఎవరు చావాలో ముందే తేల్చిపెట్టుకో

తమ్ముడూ,

రాత్రి డేటాబేస్ దానంతటదే ఆగిపోయిందనీ, దాని లాగ్‌లో కారణమే లేదనీ రాశావు. ఉండదు. మెమరీ చాలనప్పుడు లినక్స్ ఏదో ఒక ప్రోగ్రామ్‌ను సిగ్‌కిల్ అనే, తప్పించుకోలేని ‘చచ్చిపో’ ఆదేశంతో చంపుతుంది. అది అందుకున్న ప్రోగ్రామ్‌కు ఒక్క మాట రాసుకునే వ్యవధి కూడా దొరకదు. కెర్నల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి భాగం) లాగ్ తెరిచి చూడు. ‘అవుట్ ఆఫ్ మెమరీ: కిల్డ్ ప్రాసెస్’ అన్న లైన్, అందులోనే ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) నంబరు, పేరు కనిపిస్తాయి. అదే కంటైనర్ (ప్రోగ్రామ్‌ను విడిగా నడిపే పెట్టె లాంటిది) అయితే ఎగ్జిట్ కోడ్ (ఎలా ముగిసిందో చెప్పే నంబరు) 137 వస్తుంది, అంటే 128కి సిగ్‌కిల్ నంబరు 9 కలిపినది.

లినక్స్‌లో ప్రోగ్రామ్ మెమరీ అడిగితే మామూలుగా సరేనంటుంది. అసలు పేజీలు (మెమరీ ముక్కలు) ఇచ్చేది మాత్రం ప్రోగ్రామ్ వాటిని ముట్టుకున్నప్పుడే. పిలిచినవాళ్లంతా ఒకే పంక్తికి రారులే అన్న ధీమాతో విస్తళ్లు తక్కువ తెప్పించినట్టన్నమాట. అందరూ ఒకేసారి కూర్చుంటే ఎవరినో లేపక తప్పదు. ఆ పని కెర్నల్‌లోని ఓఓఎం (అవుట్ ఆఫ్ మెమరీ) కిల్లర్‌ది. విండోస్ అలా చేయదు. ర్యామ్, పేజ్‌ఫైల్ (మెమరీకి తోడుగా డిస్క్‌పై ఉంచే చోటు) కలిపి ఎంతుందో అంతవరకే ఒప్పుకుని, మించితే అడిగినప్పుడే లేదంటుంది.

ఉన్నదానికన్నా ఎక్కువ మెమరీకి ఒప్పుకోవాలా వద్దా చెప్పే ఓవర్‌కమిట్ సెట్టింగ్‌ను 2 చేస్తే లినక్స్ కూడా అలాగే ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఒక్కటే నడిచే మెషీన్‌లో నేను అదే పెడతాను. కాకపోతే ఓవర్‌కమిట్ రేషియో మొదట 50 ఉంటుంది, అంటే స్వాప్‌కు (లినక్స్‌లో పేజ్‌ఫైల్ లాంటిదే) ర్యామ్‌లో సగం కలిపినంతే హద్దు. అది పెంచడం మర్చిపోతే ర్యామ్ ఖాళీగా ఉండగానే ప్రోగ్రామ్‌లు మెమరీ లేదని ఏడుస్తాయి. రెడిస్ (డేటాను మెమరీలోనే ఉంచుకునే డేటాబేస్) ఉన్నచోట ఈ దారి వద్దు. అలాంటి 10 జీబీ ప్రాసెస్ ఫోర్క్ అయితే (తన నకలును పుట్టిస్తే), పేజీలు రెండూ పంచుకుంటున్నా, లెక్కలో ఇంకో 10 జీబీ పడుతుంది.

మిగతాచోట్ల ఎవరు పోవాలో నువ్వే చెప్పు. కిల్లర్ ముఖ్యంగా చూసేది ఎవరు ఎక్కువ మెమరీ తింటున్నారన్నదే. డేటాబేస్ సర్వర్‌లో అది డేటాబేసే అవుతుంది! ప్రతి ప్రాసెస్‌కూ ఉండే ఓఓఎం స్కోర్ అడ్జస్ట్ అనే సెట్టింగ్‌కు -1000 నుంచి 1000 దాకా విలువ ఇవ్వొచ్చు. విలువ ఎక్కువైతే అది ముందు పోతుంది, -1000 అంటే అసలు చంపొద్దని. డేటాబేస్‌కు -900, రాత్రి రిపోర్టు జాబ్‌కు 500 ఇవ్వు. భయంకొద్దీ అన్నింటికీ -1000 ఇవ్వకు. చంపడానికి ఎవరూ మిగలకపోతే కెర్నల్ పానిక్ అయి మెషీనే పడిపోతుంది.

నన్నడిగితే, ప్రాసెస్ చావడం కన్నా మెషీన్ చావకుండా ఈడ్చుకుంటూ నడవడమే ఎక్కువ ప్రమాదం. మెమరీ అంచుకొచ్చాక కెర్నల్ ప్రోగ్రామ్‌ల కోడ్ పేజీలనే పారేసి, మళ్లీ డిస్క్ నుంచి చదువుతూ కూర్చుంటుంది. స్వాప్ తీసేసినా ఈ బాధ తప్పదు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషీన్‌లోకి వెళ్లే దారి) కూడా తెరుచుకోదు, అయినా పని ఏదో జరుగుతోంది కదా అని కిల్లర్ రాదు. 2018 చివర్లో వచ్చిన లినక్స్ 4.20 నుంచి ప్రెషర్ లెక్కలు ఉన్నాయి, ప్రాసెస్‌లు మెమరీ కోసం ఎంతసేపు ఆగుతున్నాయో అవి చెబుతాయి. సిస్టమ్‌డీ-ఓఓఎండీ అనే కాపలా ప్రోగ్రామ్ వాటిని చూసే ముందుగా కదులుతుంది. దాన్ని ఆన్ చెయ్యి. రిపోర్టు జాబ్‌కు విడిగా సీగ్రూప్ (ప్రాసెస్‌ల గుంపు), దానికో మెమరీ మాక్స్ (గరిష్ఠ హద్దు) పెట్టు. అప్పుడు హద్దు దాటితే ఆ గ్రూపులోనే ఒకటి పోతుంది.

ఇవన్నీ ముందు టెస్ట్ సర్వర్‌లో చెయ్యి. కావాలనే మెమరీ నింపి, ఎవరు పోయారో, పోయింది మళ్లీ లేచిందో లేదో చూసి నాకు రాయి.

అన్నయ్య