చైనా కుటుంబ వ్యాపారాల్లో ఆడవాళ్లది నిజమైన పెత్తనమా, పేరుకేనా?

పెత్తనం నిజమైనదే. పేరే చాలాచోట్ల వాళ్లది కాదు.

మాది హైదరాబాద్ బేగంబజారులో ఫ్యాన్సీ సామాన్ల టోకు వ్యాపారం. సరుకు కోసం జెజియాంగ్ ప్రావిన్స్‌లోని యివూకు ఏళ్ల తరబడి వెళ్తున్నాను. ఆ మార్కెట్లో దుకాణాల్లో కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్లే, మగవాళ్లు ఫ్యాక్టరీ చూసుకుంటారు. నేను జడ క్లిప్పులు కొనే చోట యజమానురాలు కాలిక్యులేటర్ మీద ధర కొట్టి నా వైపు తిప్పుతుంది. నేను తగ్గించి కొడితే, చెరిపేసి మళ్లీ తన అంకే కొడుతుంది. బేరం కుదిరాకే భర్తకు ఫోన్ చేసి, ఫలానా తేదీకి ఇంత సరుకు కావాలని చెబుతుంది. 30 శాతం బయానా, మిగతాది కంటైనర్‌లోకి ఎక్కించే ముందు. ఎవరికి అరువివ్వాలో తేల్చేది ఆమే. కంపెనీ ఎర్ర ముద్ర ఆమె సొరుగులోనే ఉంటుంది. చైనాలో సంతకం కన్నా ఆ ముద్రకే విలువ. గోడకు తగిలించిన లైసెన్సులో మాత్రం భర్త పేరు! ఇంత చాకిరీ చేసే మనిషికి కాగితం మీద చోటు లేకపోవడం నాకు ఎప్పుడూ మింగుడు పడదు.

పెద్ద సంస్థల్లో కూతుళ్లు కుర్చీ ఎక్కుతున్నారు. దశాబ్దాల పాటు సాగిన ఒకే బిడ్డ విధానం అందుకు ఒక కారణం. అయితే కుర్చీ వేరు, వాటా వేరు. హాంగ్జౌలోని వహాహా పానీయాల కంపెనీనే చూడండి. వ్యవస్థాపకుడు జోంగ్ చింగ్‌హోవ్ 2024 ఫిబ్రవరిలో చనిపోయారు. ఆయన ఏకైక సంతానంగా లోకానికి తెలిసిన జోంగ్ ఫులీ జులైలో రాజీనామా లేఖ ఇచ్చి, వెనక్కి వచ్చి, ఆగస్టులో ఛైర్‌పర్సన్ అయ్యారు. మరుసటి ఏడాది, తామూ ఆయన బిడ్డలమేనంటూ ముగ్గురు హాంకాంగ్ కోర్టుకెక్కారు. 2025 సెప్టెంబరులో ఆమె పదవి వదిలేశారు. వహాహాలో 46 శాతం వాటా స్థానిక ప్రభుత్వానిది, కుటుంబానిది 29.4 శాతమే. తండ్రి దగ్గర ఏళ్ల తరబడి పని నేర్చుకున్న మనిషికి ఆ కుర్చీ ఏడాదికి కాస్త మించి మాత్రమే నిలిచింది.

కూతురికి అధికారం ఇవ్వదలచిన తండ్రి బతికుండగానే వాటా రాసివ్వాలని నేను గట్టిగా నమ్ముతాను. రియల్ ఎస్టేట్ సంస్థ కంట్రీ గార్డెన్ అధిపతి యాంగ్ గువోచియాంగ్ 2005లోనే తన వాటాను కూతురు యాంగ్ హుయియాన్ పేరిట మార్చారు. 2023లో ఆమె ఛైర్‌పర్సన్ అయ్యారు. ఆ ఏడాదే కంపెనీ విదేశీ అప్పులు కట్టలేక చేతులెత్తేసింది, ఆ భారమూ ఆమె నెత్తినే పడింది.