సీఎఫ్‌ఎల్‌లు తీసి ఎల్‌ఈడీలు పెట్టినా కరెంటు బిల్లు ఎందుకు తగ్గలేదంటే

నమస్కారమండీ. ఇంట్లోని ఐదు సీఎఫ్‌ఎల్ బల్బులు తీసేసి ఎల్‌ఈడీలు పెట్టినా బిల్లు తగ్గలేదని, ఇదంతా ప్రచారమేనా అని మీరు అడిగారు. ప్రచారం కాదు గానీ, మీరు మార్చినవి పాత ఫిలమెంటు బల్బులు కాకపోవడమే అసలు సంగతి.

ఐదు 60 వాట్ల ఫిలమెంటు బల్బులు రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు 45 యూనిట్లు కాలుతాయి. వాటి స్థానంలో 9 వాట్ల ఎల్‌ఈడీలు పెడితే ఏడు యూనిట్లు కూడా కావు. మీరు తీసినవి 14 వాట్ల సీఎఫ్‌ఎల్‌లైతే మిగిలేది నెలకు సుమారు నాలుగు యూనిట్లే, అది గీజరు రెండు గంటలు వేస్తే హరించుకుపోతుంది.

బిల్లులో రూపాయలు కాకుండా యూనిట్లు చూడండి, వాటిని రెండు రీడింగుల మధ్య ఉన్న రోజులతో భాగించి పోల్చండి. ఎందుకంటే రీడింగు నాలుగు రోజులు ఆలస్యమైతే ఈ పొదుపు కనబడదు, పైగా తెలంగాణలో వాడకం 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారుతుంది. (ఆ గీత దగ్గర ఉన్నవారికి మాత్రం నాలుగు యూనిట్లూ విలువైనవే.)

ఇక ఖర్చు పెట్టదలిస్తే ఫ్యాన్ల మీద పెట్టడం మేలని నా అభిప్రాయం. 75 వాట్ల పాత ఫ్యాను రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు దాదాపు 34 యూనిట్లు. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యానుకు (తక్కువ కరెంటుతో తిరిగే బ్రష్‌లెస్ మోటారు ఉన్నది) పదమూడున్నర చాలు. పాత రెగ్యులేటరును మాత్రం దానికి కలపకండి.