స్కాను కన్నా ముందు గాలి సంగతి చూడు

చిరంజీవి సుధకు ఆశీస్సులు.

వాసన తెలియడాన్ని మెదడు స్కానుతో కొలిచే పని నేర్చుకోవడానికి డ్రెస్డెన్ వెళ్తున్నావని తెలిసి చాలా సంతోషించాను. ఇక మనిషిని అడిగే పనే లేదు, మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే ఎఫ్‌ఎంఆర్‌ఐ అంతా తేల్చేస్తుందని రాశావు. అక్కడ కాస్త నిదానించమ్మా.

ముందుగా వాసనను ముక్కుకు అందించే ఆల్ఫాక్టోమీటర్ నీ చేతికి లొంగాలి. ముక్కులోకి వెళ్లే గాలి ఆగకూడదు, చల్లబడకూడదు, పొడిబారకూడదు. వేడి సుమారు 36 డిగ్రీలు, తేమ 80 శాతం ఉండేలా చూసుకో. మామూలు గాలి ఆగిన క్షణంలోనే అంతే వేగంతో వాసన గాలి అందుకోవాలి. గాలి విసురు పెరిగినా, వాల్వు టక్కుమన్నా మెదడు పసిగట్టేస్తుంది. ఆ స్పందనను నువ్వు వాసన ఖాతాలో వేసుకుంటావు. అసలు వాసనే లేకుండా ఊరికే గాలి ఎగపీల్చినా వాసనను గ్రహించే మెదడు భాగమైన పైరిఫార్మ్ కార్టెక్స్ స్పందిస్తుందని శాస్త్రవేత్త నోమ్ సోబెల్ బృందం 1998లోనే చూపించింది. అందుకే ఛాతీకి బెల్టు కట్టి ప్రతి శ్వాసనూ నమోదు చెయ్యి. ఈ పని ఎంత విసుగనిపించినా మానకు.

వాసనకు గులాబీలా ఉండే ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ మంచిది. మెంథాల్, అమ్మోనియా వద్దు. వాసన పూర్తిగా పోయినవారికి కూడా అమృతాంజనం చురుక్కుమనడం చూసే ఉంటావు. ఆ చురుకు వాసన నాడిది కాదు, ముఖంలో మంట, చల్లదనం, నొప్పి తెలిపే ట్రైజెమినల్ నాడిది. వాసనను కొద్ది సెకన్లే ఇచ్చి, మధ్యలో తగినంత విరామం ఇవ్వు. ఎడతెగకుండా ఇస్తే మెదడు అలవాటుపడి స్పందన సన్నగిల్లుతుంది. కళ్ల పైభాగాన సైనస్ గాలి వల్ల సిగ్నల్ చెదురుతుంది కాబట్టి స్కాను తీసే పొరలను (స్లైసులను) ఏటవాలుగా పెట్టించు.

పదిమంది సగటు తీస్తే చక్కగా కనిపించే స్పందన ఒక్క మనిషి దగ్గరికి వచ్చేసరికి కనిపించకపోవచ్చు. 2019లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ వారు ఎంఆర్‌ఐలో ముక్కు నుంచి వాసన సంకేతాలు మొదట చేరే మెదడు భాగాలైన ఆల్ఫాక్టరీ బల్బులే కనబడని కొందరు స్త్రీలను గుర్తించారు. వాళ్లకు వాసనలు మామూలుగానే తెలుస్తున్నాయి! కోవిడ్ తర్వాత కాఫీ వాసన కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న మనిషికి ఫిల్ము చూపించి 'ఇక రాదు' అనేముందు ఆ స్త్రీలను తలచుకో.

అక్కడ వాడే, వాసన నింపిన కలాల పరీక్ష, స్నిఫిన్ స్టిక్స్, ప్రతి ఒక్కరికీ స్కానుకు ముందే చెయ్యి. అందులో లికోరిస్ (అతిమధురంతో చేసే అక్కడి మిఠాయి) వాసన ఉంటుంది. మన ఊరి మనిషి దాన్ని పోల్చలేకపోతే అది ముక్కు లోపం కాదు, ఆ మిఠాయి తిని ఎరగకపోవడమే. ఆ మనిషి చెప్పినదీ స్కాను చూపినదీ పొంతన కుదరకపోతే రెండూ పక్కపక్కనే రాయి. వాసన పోయిందని వేసే నష్టపరిహారం కేసుల్లో వకీళ్లు ఒక్క మాటలో తేల్చమంటారు. స్పందన కనబడకపోతే 'ఈ పరీక్షలో స్పందన నమోదు కాలేదు' అని రాసి, అక్కడితో ఆగు. 'వాసన తెలియదు' అని గానీ, 'అబద్ధమాడుతున్నారు' అని గానీ ఎవరు ఒత్తిడి చేసినా సంతకం పెట్టకు.

చేరగానే ఉత్తరం రాయి.

మీ మాస్టారు