నాన్న డీటీపీ షాపులో పదేళ్ల కంప్యూటర్: మార్చాలా, అలాగే నడపాలా?

"మా నాన్నకు కడపలో చిన్న డీటీపీ షాపు ఉంది. 2015లో కొన్న సీపీయూ. ఆన్ కావడానికే పది నిమిషాలు పడుతోంది. విండోస్ 10కి సపోర్టు అయిపోయిందని స్క్రీన్ మీద వస్తోంది. కొత్తది కొనిస్తానంటే, నా పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) దాంట్లో నడవదు, ఊరుకోమ్మా అంటున్నారు. ఏం చేయాలి?" అని ఒకరు అడిగారు.

కొత్తది కొనండి. కానీ పాతదాన్ని తీసేయకండి. దాని నెట్ వైరు మాత్రం పీకేయండి. నా సమాధానం ఇంతే, ఇక ఎందుకో చెప్తాను.

నాది కర్నూలు. పాతబస్తీలో 2003 నుంచి ఇదే పని: పెండ్లిపత్రికలు, కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు, దినకర్మ కార్డులు. అందుకే మీ నాన్నగారి మాట నాకు మొండితనంలా అనిపించలేదు. మన షాపుల్లో విలువైనది సీపీయూ కాదు, అందులో ఉన్న పాత ఫైళ్లు. ఏడేళ్ల తర్వాత ఒకాయన వచ్చి, "అన్నా, మా పెద్దమ్మాయి పెండ్లికి వేసిన పత్రికే ఇది, పేర్లూ తేదీ మార్చు చాలు" అంటాడు. ఆ ఫైలు తెరుచుకుంటే పావుగంట పని. తెరుచుకోకపోతే పూట పోతుంది, ఆ బేరం కూడా పక్క షాపుకు పోతుంది.

పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. తర్వాత అడోబీ దాన్ని వదిలేసి ఇన్‌డిజైన్ వైపు వెళ్లింది. మనం వెళ్లలేదు. కారణం బద్ధకం కాదు, అను ఫాంట్లు. అవి యూనికోడ్ కావు, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతిలో లేవు. ఇంగ్లిష్ అక్షరాలు ఉండే స్థానాల్లోనే తెలుగు ముక్కలను కూర్చిన ఫాంట్లు. అక్షరం ఒక ముక్క, గుడి ఇంకో ముక్క, ఒత్తు మరో ముక్క. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చిగీతలు కనిపిస్తాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటు ఉంది, మీ ఫోన్లో కనిపించే తెలుగు అదే. కానీ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ అంటే ఏమిటో తెలియదు. కొత్త కాలం తెలుగుకూ మీ నాన్నగారి ఇరవై ఏళ్ల ఫైళ్లకూ మధ్య ఉన్న గోడ అది. సీపీయూ మార్చినంత మాత్రాన ఆ గోడ కూలదు.

మార్పిడికి కన్వర్టర్లు ఉన్నాయి, నేనూ రోజూ వాడతాను. ఇప్పుడు మ్యాటర్ అంతా వాట్సాప్‌లోనే వస్తుంది కదా, దాన్ని అనులోకి మార్చకుండా పని జరగదు. కానీ నమ్మకూడదు. ఒకసారి "లక్ష్మి"లో మావత్తు ఎగిరిపోయి "లక్షి" అయింది. ప్రూఫ్ చూడమని ఇస్తే పెండ్లికొడుకు తండ్రి తేదీ, ముహూర్తం మాత్రమే చూశాడు. నేను భోజనానికి పోయే తొందరలో ఉన్నాను. మూడు వందల పత్రికలు అచ్చయ్యాక పెండ్లికూతురి మేనత్త పట్టుకుంది! కాగితం ఖర్చు నాదే. అప్పటి నుంచి కన్వర్టర్‌లో నుంచి వచ్చిన ప్రతి మ్యాటర్‌నూ పైకి చదువుతాను, షాపులో ఎవరున్నా సరే.

ఇక విండోస్ సంగతి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగింది. ఇళ్లలో వాడేవాళ్లకు భద్రతా అప్‌డేట్లు ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 దాకా ఇచ్చే ఏర్పాటు ఒకటి పెట్టారు. ఆగింది అంటే ఆ రోజు కంప్యూటర్ ఆగిపోతుందని కాదు. కొత్తగా బయటపడే కంతలను పూడ్చేవాళ్లు ఉండరు, అంతే. నెట్ లేని కంప్యూటర్‌కు దీంతో పెద్దగా పని లేదు. కానీ అదే కంప్యూటర్‌లో మీ నాన్నగారు బ్యాంకు లాగిన్ చేస్తూ, పిల్లల హాల్‌టికెట్లు తీస్తూ, ఎవరో ఆధార్ పీడీఎఫ్ పంపితే తెరుస్తూ ఉంటే అది వేరే కథ. అందుకే రెండు పనులకు రెండు కంప్యూటర్లు అంటున్నాను.

2015 నాటి మెషీన్‌కు విండోస్ 11 మామూలు దారిలో ఎక్కదు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్ లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. అడ్డదారిలో ఎక్కించేవాళ్లు మన ఊర్లలోనూ ఉన్నారు. ఇంట్లో ఆటలాడుకునే కంప్యూటర్‌కైతే మీ ఇష్టం. నాలుగు డబ్బులు తెచ్చే షాపు కంప్యూటర్ మీద ప్రయోగాలు వద్దు.

నెట్ పనికి మాత్రం సరికొత్తదే కావాలని నేను అనను. ఆఫీసుల్లో మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన డెస్క్‌టాప్‌లు రీఫర్బిష్డ్ అని అమ్ముతారు. నా రెండోది అదే. కొనేటప్పుడు ఇంటెల్ ప్రాసెసర్ "ఐ5" అన్న మాట విని తలూపకండి. గీత తర్వాత నాలుగంకెలుంటే వాటిలో మొదటిది చూడండి. ఐ5-6500 అంటే ఆరో జనరేషన్, విండోస్ 11కి పనికిరాదు. ఐ5-8500 అయితే ఎనిమిదో జనరేషన్, సరిపోతుంది. ర్యామ్ 8 జీబీ, లోపల ఎస్ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ బదులు వాడే వేగమైన డిస్క్) ఉన్నాయో లేదో ఆన్ చేయించి చూడండి. బిల్లు మీద వారంటీ రాయించుకోండి, నోటిమాట వారంటీ షాపు గడప దాటదు.

పాతదానికి మాత్రం ఒక్క ఖర్చు పెట్టండి: హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయించండి. పది నిమిషాల నిరీక్షణకు అసలు కారణం అదే అయి ఉంటుంది. హార్డ్‌డిస్క్ అంటే లోపల పళ్లెం తిరుగుతూ ఉంటుంది, నిమిషానికి 5,400 లేదా 7,200 చుట్లు. సూది లాంటిది అటూ ఇటూ కదిలి ఒక్కో ముక్కా వెతికి తెస్తుంది. విండోస్ లేచేటప్పుడు వేల చిన్న ఫైళ్లు అడుగుతుంది, సూది పరుగులు పెట్టి అలిసిపోతుంది. ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు. 2015 సీపీయూలో డిస్క్ తగిలించే సాటా పోర్టు ఉంటుంది కాబట్టి సాటా ఎస్ఎస్‌డీ తీసుకుంటే చాలు. పేజ్‌మేకర్‌కు 256 జీబీ ఎక్కువే. నాది వేయించిన రోజు మా ఆవిడ చూసి, "ఇంత తొందరగా లేస్తే నీకు టీ తాగడానికి సాకు ఉండదు" అంది. నిజంగానే పొద్దున ఒక టీ తగ్గింది.

ఎస్ఎస్‌డీ వేసేటప్పుడు విండోస్ కొత్తగా ఎక్కించనివ్వకండి. పాత డిస్క్‌ను యథాతథంగా క్లోన్ చేయమనండి. కొత్తగా ఎక్కిస్తే అను, పేజ్‌మేకర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి, ఆ సీడీలు మీ నాన్నగారి దగ్గర ఇప్పుడు ఉన్నాయో లేదో! తీసేసిన హార్డ్‌డిస్క్‌ను మెకానిక్‌కు వదిలేయకండి. ఒక కవర్లో పెట్టి, తేదీ రాసి ఇంటికి తీసుకెళ్లండి.

ఇంటికే ఎందుకంటే ఇది చెప్పాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలులోకి వచ్చాయి. మా షాపులో సీపీయూ నేల మీద ఉండేది, సీడీల్లో బ్యాకప్ తీసిపెట్టే అలవాటూ ఉండేది. నేను చాలా జాగ్రత్త మనిషినని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఆ సీడీలన్నీ అదే టేబుల్ కింది సొరుగులో ఉన్నాయి. నీళ్లు తగ్గాక షట్టర్ ఎత్తితే మోకాలి లోతు బురద. సీపీయూ విప్పితే లోపల నుంచి బురద ముద్దలుగా వచ్చింది. సీడీల్లో కొన్ని కడిగి తుడిస్తే చదివాయి, ఎక్కువ చదవలేదు. ఆరేళ్ల ఫైళ్లు అట్లా పోయాయి. అసలూ నకలూ ఒకే గదిలో ఉంటే అది బ్యాకప్ కాదని నాకు ఆ బురదలో అర్థమైంది. ఇప్పుడు ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ షాపులో, ఇంకోటి ఇంట్లో మేడ మీద. ప్రతి శనివారం రాత్రి మార్చుకుంటాను. సీపీయూ కూడా అప్పటి నుంచి బల్ల మీదే. కడపకు వరద రాకపోవచ్చు, కానీ దొంగ రావచ్చు, షార్ట్ సర్క్యూట్ రావచ్చు.

నెట్ తీసేశాం కదా, ఇక వైరస్ రాదు అనుకుంటారు. వస్తుంది, పెన్‌డ్రైవ్‌లో. బడుల నుంచి వచ్చే పెన్‌డ్రైవ్‌లు చూడాలి, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లై ఉంటాయి. నా పద్ధతి ఇది: కస్టమర్ పెన్‌డ్రైవ్ ఎప్పుడూ కొత్త మెషీన్‌కే పెడతాను, అక్కడ స్కాన్ అవుతుంది. కావలసిన ఫైలు ఒక్కటే నా సొంత ఎర్ర పెన్‌డ్రైవ్‌లో వేసి పాతదానికి తీసుకెళ్తాను. ఆ ఎర్రది షాపు దాటి బయటికి పోదు. అడిగితే పోయిందని అబద్ధం చెప్తాను. ఇంకోమాట, ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పడిపోతుంది. "డాక్యుమెంట్‌గా పంపండి" అని ఒక కాగితం మీద పెద్దగా అచ్చేసి అద్దానికి అతికించమని నాన్నగారికి చెప్పండి.

ఖర్చు పెట్టే ముందు రెండు చిన్న విషయాలు చూడండి. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏ 2015కో వెనక్కి పోతోందా? అయితే మదర్‌బోర్డు మీద ఉండే రూపాయి బిళ్ల లాంటి బ్యాటరీ అయిపోయింది, పేరు సీఆర్2032. కొన్ని పదుల రూపాయలు. తేదీ తప్పుగా ఉంటే వెబ్‌సైట్లు కూడా తెరుచుకోవు. నా దానికి ఇదే జరిగితే ఒక మెకానిక్ బోర్డే పోయిందన్నాడు, నేను నమ్మి సగం డబ్బు కూడా తీసిపెట్టాను. రెండోది దుమ్ము. మన ఎండలకు లోపలి ఫ్యాను అసలే కష్టపడుతుంది, దాని మీద దుమ్ము పట్టితే మే నెలలో మధ్యాహ్నం రెండింటికి దానంతటదే ఆగిపోతుంది. బ్లోయర్‌తో ఊదించండి, ఊదేటప్పుడు ఫ్యాను గిర్రున తిరగకుండా వేలితో పట్టుకోమనండి.

యూపీఎస్ రెండు కంప్యూటర్లకూ ఉండాలి. లేజర్ ప్రింటర్‌ను మాత్రం దానికి తగిలించకండి. ప్రింటర్ లోపల కాగితాన్ని వేడి చేసే రోలర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది, చిన్న యూపీఎస్ తట్టుకోలేదు. దాన్ని నేరుగా గోడ ప్లగ్‌కే పెట్టండి. కొత్త మెషీన్ కొనే ముందే ఆ ప్రింటర్‌కు విండోస్ 11 డ్రైవర్ ఉందో లేదో కూడా చూసుకోండి.

యూనికోడ్‌కు ఎప్పటికీ మారొద్దా అంటే, మారాలి. ఇప్పుడు ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లు బాగానే ఉన్నాయి: మండలి, రామరాజ, ధూర్జటి, పెద్దన. ఆ పెద్దనగారికి రాయలు ఇచ్చిన అగ్రహారం కోకటం మీ జిల్లాలోనే, కమలాపురం దగ్గర. నేనైతే కరపత్రాలు, బడి పనులు కొత్త మెషీన్‌లో యూనికోడ్‌తో చేస్తున్నాను. పెండ్లిపత్రికలు మాత్రం ఇంకా అనులోనే, ఆ వంపులు జనానికి అలవాటు. నాన్నగారిని ఒకేసారి మార్చాలని చూడకండి. నెట్ పనులు కొత్తదానికి జరగనివ్వండి, మిగతావి ఆయనే ఒక్కొక్కటిగా తెస్తారు.

చివరగా కీబోర్డు. కొత్తదానితో కొత్త కీబోర్డు వస్తుంది, సంబరపడి పాతది పారేయకండి. ఆయన వేళ్లకు యాపిల్ లేఅవుట్ (అనులో తెలుగు కొట్టే ఒక కీల అమరిక) ఆ బటన్ల మీదే అలవాటైంది, అక్షరాలు అరిగిపోయినా చూడకుండా కొడతారు. అది గుండ్రటి పిన్‌ది అయితే, కొత్తదానిలో ఆ పోర్టు లేకపోతే, దాన్ని యూఎస్‌బీకి మార్చే కన్వర్టర్ కొనండి. బొటనవేలంత ఉండే చిన్న అడాప్టర్ నాకు పనిచేయలేదు. వైరుతో ఉండి, లోపల చిప్ ఉన్నది అడిగి తీసుకోండి.